1880ల నాటి ఇంట్లో పాత వాల్‌పేపర్ బయటపడింది, అదే డిజైన్ మళ్ళీ వేయించడం ఎలా?

పాతిల్లు_లోవెల్:

అందరికీ నమస్కారం. మేముండేది మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో. ఈమధ్యే కొన్న ఇల్లు 1880లలో కట్టినదని పత్రాల్లో ఉంది. పై అంతస్తు బెడ్‌రూమ్‌లో తర్వాతెప్పుడో ఎవరో ప్లైవుడ్‌తో అల్మారా కట్టించారు, గది ఇరుకైపోయిందని దాన్ని పీకించాం. మిగతా గోడల మీద వాల్‌పేపర్ పొర మీద పొర అంటించి, ఆపైన పెయింట్ కూడా కొట్టి ఉంది గానీ, ఈ అల్మారా వెనక మాత్రం అన్నిటికన్నా అడుగున ఉండాల్సిన కాగితం ఒక్కటే నిలువెత్తున అలాగే ఉండిపోయింది.

విచ్చుకున్న విసనకర్రలు, వెదురు కొమ్మలు, వాటి మధ్య ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ, ఇదీ డిజైన్. కాగితం అంతా బురద గోధుమ రంగు, ఆకులు ఆలివ్ రంగు, అక్కడక్కడ బంగారు గీతలు ఉండేవేమో, ఇప్పుడు చిలుము పట్టినట్టు ఉన్నాయి. చెయ్యి తగిలితే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి.

కాంట్రాక్టర్ అయితే స్టీమర్ పెట్టి ఒక్క పూటలో మొత్తం గీకేసి డ్రైవాల్ (జిప్సం పలకలు) కొట్టేద్దాం అంటున్నాడు. మా ఆవిడ ఫోన్‌తో ఫోటో తీసి డిజిటల్ ప్రింట్ కొట్టిస్తే సరిపోతుంది కదా అంటోంది. నాకేమో ఆ గదికి మళ్ళీ అదే కాగితం, వీలైనంత అసలుదానికి దగ్గరగా వేయించాలని ఉంది. అసలు రంగులేంటో ఎలా తెలుస్తుంది, డిజైన్ ఎక్కడ మొదలై ఎక్కడ రిపీట్ అవుతోందో ఎలా కొలవాలి, ఎవరు ప్రింట్ చేస్తారు, కాపీరైట్ గొడవ ఏమైనా ఉంటుందా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

మాంచెస్టర్_అక్క:

ముందు ఆ స్టీమర్‌ని ఇంట్లోంచి బయట పెట్టించండి. ఆ కాలం వాల్‌పేపర్లలో చాలావాటి రంగు అంటే సుద్దపొడిలో రంగు, సరేసు కలిపి వేసిన డిస్టెంపర్. ఆవిరి తగిలిందంటే జిగురుతో పాటు రంగూ కరిగి మీ స్పాంజికి అంటుకుంటుంది, తర్వాత నేనైనా ఏం చేయలేను. నేను ఇక్కడ మ్యూజియంలో కాగితం వస్తువులు బాగుచేసే పనిలో ఉన్నాను, మా ఊళ్ళో విట్‌వర్త్ ఆర్ట్ గ్యాలరీలో వాల్‌పేపర్లకే పెద్ద సేకరణ ఉంది, కాబట్టి ఈ కాగితాలతో కాస్త పరిచయమే.

విసనకర్రలు, కొంగ, వెదురు అంటున్నారు కాబట్టి అది జపాన్ మోజు కాలం నాటిదే అయ్యుంటుంది. 1876లో ఫిలడెల్ఫియాలో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది, అక్కడ జపాన్ వాళ్ళ మండపం చూశాక అమెరికాలో ఆ పిచ్చి బాగా ముదిరింది. మీ ఇంటి వయసుకీ దీనికీ సరిగ్గా సరిపోతుంది.

రంగుల విషయానికొస్తే, ఇప్పుడు మీ కంటికి కనిపించేదాన్ని అస్సలు నమ్మొద్దు. ఆనాటి చవక కాగితం చెక్క గుజ్జుతో చేసింది, దినపత్రికలాగా ముదిరి గోధుమ రంగుకి తిరుగుతుంది. కాబట్టి మీరు అంటున్న బురద రంగు ఒకప్పుడు మీగడ రంగో, లేత బూడిదో అయ్యుండొచ్చు. బంగారు గీతలు అసలు బంగారం కాదు, రాగి-జింకు పొడి, గాలి తగిలి నల్లబడుతుంది, పచ్చబడుతుంది. అసలు రంగు కావాలంటే ఎండా గాలీ తగలని చోటు వెతకాలి: తలుపు చుట్టూ కొట్టిన చెక్కపట్టీ వెనక, గోడ అడుగున బేస్‌బోర్డ్ వెనక, కిటికీ పక్కన, పైకప్పు అంచు మోల్డింగ్ వెనక. కాగితం అంటించాకే ఆ పట్టీ కొట్టి ఉంటే దాని వెనక రెండంగుళాల పాత రంగు నిక్షేపంలా ఉంటుంది. అదృష్టం బాగుంటే కాగితం అంచు కూడా దొరుకుతుంది. ఆ అంచు మీద కంపెనీ పేరో, డిజైన్ నంబరో అచ్చు వేసేవారు. గోడకి అంటించేవాడు దాన్ని కత్తిరించి పారేసేవాడు గానీ, ఎక్కడో ఒకచోట తొందరలో వదిలేస్తాడు.

ఏదీ పీకకముందే పక్కనుంచి లైటు వేసి ఫోటోలు తీయండి, ఫ్రేములో స్కేలు, రంగుల కార్డు తప్పకుండా ఉండాలి. ఆ ఏటవాలు వెలుతురులో రంగు మందం కనిపిస్తుంది. ఆకు మధ్యలో రంగు పల్చగా ఉండి అంచుల్లో గట్టుకట్టినట్టు ఉంటే రోలర్ మెషిన్ ప్రింట్ కావచ్చు, ఎందుకంటే చెక్క రోలర్ అదిమినప్పుడు రంగు పక్కలకి జరుగుతుంది. చేత్తో అచ్చు కొట్టినదైతే కాగితం అంచుల్లో అచ్చు సరిగ్గా కూర్చోవడానికి గుచ్చిన పిన్ను చుక్కలు ఉంటాయి. ఇంకా పాతది, 1830లకి ముందుది అయితే కాగితాన్ని షీట్లుగా అతికించిన అతుకులు అడ్డంగా కనిపిస్తాయి. మీది అంత పాతది కాదనుకోండి.

కొలతలకి పారదర్శకంగా ఉండే పాలిస్టర్ షీటు గోడ మీద టేపుతో బిగించి, సన్న పెన్నుతో గీతలు దింపుకోండి. టేపు ప్లాస్టర్‌కి వేయండి, కాగితానికి కాదు. కొంగ కన్ను పట్టుకుని పైకి వెళ్తూ మళ్ళీ అదే కన్ను వచ్చేదాకా కొలిస్తే నిలువు రిపీట్. రోలర్ ప్రింట్‌లో ఆ కొలత రోలర్ చుట్టుకొలతకి సమానమో, లేదా సగం, మూడో వంతు లాంటి సమభాగమో అవుతుంది. అందుకని రెండు మూడుచోట్ల కొలవండి, తేడా వస్తే కాగితం తడిసి సాగిందని అర్థం.

రసాయనం_రాజు:

ఆకులు ఆలివ్ రంగు అన్నారు. దయచేసి ఆ రాలే పొడిని చీపురుతో ఊడ్వకండి, సాండ్‌పేపర్ అసలే వద్దు.

1775లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త రాగి, ఆర్సెనిక్ కలిపి ఒక పచ్చ తయారు చేశాడు, 1814లో ఇంకా మెరిసే ఎమరాల్డ్ గ్రీన్ వచ్చింది, 19వ శతాబ్దమంతా ఈ పచ్చల్ని వాల్‌పేపర్ల మీద ధారాళంగా వాడేశారు. మిషిగన్‌లో కెడ్జీ అనే డాక్టరు 1874లో అలాంటి విషపు కాగితాల ముక్కల్నే పుస్తకంగా కుట్టించి, జనానికి తెలియాలని 100 కాపీలు రాష్ట్రంలోని లైబ్రరీలకి పంపించాడు. తర్వాత ఆ పుస్తకమే ప్రమాదమని చాలావాటిని నాశనం చేశారు. గోడ చెమ్మగా ఉండి బూజు పడితే ఆ బూజు ఆర్సెనిక్‌ని వాయువుగా మార్చి వదులుతుందని 1890లలో గోసియో అనే ఇటలీ శాస్త్రవేత్త కనిపెట్టాడు. అందుకని చెమ్మ ఉన్న గోడ అయితే ఇంకా జాగ్రత్త.

పచ్చ ప్రతిదీ విషం కాదు, మీది కాకపోవచ్చు కూడా. వేలిగోరంత ముక్క ల్యాబ్‌కి పంపితే తెలిసిపోతుంది, ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ మెషిన్ ఉన్నవాళ్ళయితే ముక్క తీయకుండానే గోడ మీదే చూస్తారు. అప్పటిదాకా ఆ గది తలుపు మూసి పెట్టండి, పిల్లలుంటే తాళం వేయండి. ఆపైన కొట్టిన పెయింట్ ఉంది చూశారూ, అమెరికాలో 1978కి ముందు పెయింట్ అంటే సీసం ఉందనుకునే పని చేయాలి. సన్నటి ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వ్యాక్యూమ్, మంచి మాస్కు, తడి గుడ్డ. కాంట్రాక్టర్‌కి సీసం పనికి సర్టిఫికెట్ ఉందో లేదో అడగండి, ఒక్క పూటలో గీకేస్తానన్నాడంటే నాకు అనుమానమే.

వెక్టర్_వెంకి:

అన్నా, హైదరాబాద్ నుంచి. టెక్స్‌టైల్ డిజైన్లు రిపీట్‌లో పెట్టడమే నా రోజువారీ పని, వాల్‌పేపర్‌కీ లెక్క అదే.

వదిన చెప్పినట్టు ఫోన్ ఫోటోతో ప్రింట్ కొట్టించొచ్చు, కానీ అది వాల్‌పేపర్ కాదు, వాల్‌పేపర్ ఫోటో అవుతుంది. మరకలు, చిరుగులు, నీడలు అన్నీ ప్రతి 18 అంగుళాలకోసారి మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి, ఒకే మరక గోడంతా వరస కట్టిందంటే కన్ను అక్కడికే పోతుంది. ఫోటోని సాఫ్ట్‌వేరే గీతలుగా మార్చే ఆటో ట్రేస్ కూడా వద్దు, చినిగిన అంచుని కూడా అది డిజైనే అనుకుని గీసేస్తుంది. ఫోటోని, పాలిస్టర్ షీటు మీద దింపిన గీతల్ని అడుగున పెట్టుకుని ఇంక్‌స్కేప్, ఇల్లస్ట్రేటర్ లాంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో చేత్తో మళ్ళీ గీయడమే పద్ధతి. రంగుకొక లేయర్. ఏ రంగు మీద ఏ రంగు ఎక్కిందో పాత కాగితంలో చూసుకుని అదే వరసలో పెట్టండి, ఎక్కడ రెండు రంగులు కాస్త తప్పి మధ్యలో సన్నని ఖాళీ కనిపిస్తుందో ఆ తప్పుని కూడా కొంచెం ఉంచండి. అన్నీ నీటుగా కలిపేస్తే హోటల్ లాబీలా తయారవుతుంది. ఇది నా అభిప్రాయం, మా బాస్ ఒప్పుకోడు.

పక్క పట్టీలో డిజైన్ అదే ఎత్తులో కలుస్తోందా, సగం కిందకి దిగి కలుస్తోందా అనేది ముందే తేల్చుకోండి. రెండోదాన్ని హాఫ్ డ్రాప్ అంటాం, ఇది తప్పితే ఫైలంతా మళ్ళీ చేయాలి. ఇంకోటి, డిజిటల్ ప్రింట్ చేసేవాళ్ళలో చాలామంది 24 అంగుళాల వెడల్పు రోల్ ఇస్తారు. పాత కాగితం వెడల్పు 18 అయితే 24లో ఒకటింపావు పైన డిజైన్ పడుతుంది, పక్క పట్టీతో కలవదు. 18కే కత్తిరించుకునేలా ప్రింట్ చేయించాలి, లేదా 36 వెడల్పు దొరికితే రెండు డిజైన్లు పక్కపక్కన పడతాయి.

కాపీరైట్ బెంగ వద్దు, అమెరికాలో ప్రచురించి 95 ఏళ్ళు దాటినవాటికి ఉండదు. కాకపోతే ఏదైనా కంపెనీ ఈమధ్య మళ్ళీ గీయించి అమ్ముతున్నదాన్ని స్కాన్ చేసి వాడొద్దు, ఆ గీత వాళ్ళది.

పాతిల్లు_లోవెల్:

అందరికీ థాంక్స్. ఆర్సెనిక్ సంగతి చదివాక గది తలుపుకి తాళం పడింది, ముక్క ల్యాబ్‌కి పంపాను. కాంట్రాక్టర్‌ని సర్టిఫికెట్ అడిగితే ఫోన్ ఎత్తడం మానేశాడు, సరే పీడా పోయింది.

ఒక డౌటు. డిజిటల్ కాకుండా పాత పద్ధతిలోనే చెక్క అచ్చులతో చేయించలేమా? మాది బందరు వైపు, పెడనలో చిన్నప్పుడు కలంకారీ అచ్చులు కొట్టడం చూశాను. అక్కడ అచ్చులు చెక్కించి కాగితం మీద కొట్టించడం అయ్యే పనేనా?

పెడన_అచ్చు:

అయ్యే పని అయ్యేదే, కానీ మీరు అనుకున్నట్టు కాదు బాబాయ్ గారూ.

అచ్చు చెక్కడం వరకు మాకు ఇబ్బంది లేదు. టేకు చెక్క మీద కొంగ ఈకలు కూడా చెక్కి పెట్టే పనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ మా అచ్చు అంటే ఒక చేత్తో ఎత్తి, రంగులో అద్ది, బట్ట మీద పెట్టి, రెండో చేత్తో గుద్దేంత సైజు. 18 అంగుళాల డిజైన్‌ని ఒకే అచ్చులో పెడితే ఎత్తలేం, నాలుగైదు ముక్కలు చేస్తే ఆ అతుకులు గోడ మీద కనిపిస్తాయి. యూరప్ వాళ్ళు వాల్‌పేపర్‌కి పెద్ద అచ్చులు వాడి, మీట పెట్టి అదిమేవారు, ఆ సరంజామా మా దగ్గర లేదు. పైగా మా బల్లల మీద గోనె, దుప్పటి మెత్తగా పరిచి ఉంటాయి, బట్టకి అది బాగుంటుంది, కాగితం అయితే గుద్దగానే చిరుగుతుంది.

రంగు ఇంకో తిప్పలు. అసలైన కలంకారీలో రంగు అచ్చుతోనే పూర్తవదు. కరక్కాయ నీళ్ళలో బట్ట నానబెట్టి, పటిక అచ్చు కొట్టి, కాలవలో ఉతికి, చిరువేరు లాంటివి వేసి ఉడకబెడితే అప్పుడు ఎరుపు తేలుతుంది. నలుపుకి ఇనుప తుక్కు, బెల్లం నీళ్ళలో పులియబెడతాం. కాగితాన్ని ఉతికి ఉడకబెడితే ఏం మిగులుతుందో మీకే తెలుసు. కాగితం మీద కావాలంటే అక్క చెప్పిన సుద్ద, సరేసు రంగే కావాలి, అది మా విద్య కాదు.

కానీ ఒక మాట. మన బందరు తీరం నుంచి వెళ్ళిన అద్దకం బట్టల్ని తెల్లవాళ్ళు గోడలకి కూడా వేలాడదీసుకునేవాళ్ళు, పెద్ద చెట్టూ పూలూ ఉండే పలంపోర్లు అవే. ఆ మోజు ఎంత పెరిగిందంటే తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో మన అద్దకాల్ని నిషేధించింది, 1759 దాకా ఆ నిషేధం నడిచింది. ఇంగ్లండ్ కూడా 1701లో, మళ్ళీ 1721లో చట్టాలు చేసింది. అప్పట్లో వాళ్ళ వాల్‌పేపర్ల మీద మన చింట్జ్ (అద్దకం బట్ట) పూలని దించి అమ్మేవాళ్ళు. అందుకని మీ కొంగ కాగితం ఒక గోడకి వేయించుకుని, ఎదురుగోడకి పెడన అద్దకం బట్ట ఫ్రేముకి లాగి కట్టించుకోండి. దానికైతే అచ్చులు నేను దగ్గరుండి చెక్కిస్తాను.

మాంచెస్టర్_అక్క:

పెడన తమ్ముడూ, చాలా బాగా చెప్పావు. చెక్క అచ్చులతోనే కాగితం కావాలంటే అమెరికాలోనే న్యూయార్క్ రాష్ట్రంలో షారన్ స్ప్రింగ్స్‌లో అడెల్ఫీ అనే చిన్న కార్ఖానా ఉంది, వాళ్ళు పాత ఇళ్ళ ముక్కలు చూసి అచ్చులు చెక్కి, పాత తరహా రంగులతోనే కొడతారు. కానీ లోవెల్ గారి కాగితం అసలు అచ్చు పనే కాకపోవచ్చు, మెషిన్‌దైతే దాన్ని చెక్క అచ్చుతో కొట్టించడం కూడా ఒకరకంగా అబద్ధమే. 1880ల మధ్యతరగతి ఇంటికి రోలర్ ప్రింటే సహజం. దానికి దగ్గరగా రావాలంటే స్క్రీన్ ప్రింట్ మేలు. రంగు కాగితం మీద పొరగా కూర్చుంటుంది, మెరుపు ఉండదు. డిజిటల్‌లో సిరా పొర చాలా పల్చగా ఉండి చదునుగా కనిపిస్తుంది, దూరం నుంచి పర్లేదు, పక్కన నిలబడితే తెలిసిపోతుంది. బంగారు గీతలైతే మామూలు డిజిటల్‌లో పసుపు గోధుమగానే వస్తాయి, దానికి స్క్రీన్ తప్పదు. కాలిఫోర్నియాలో బెనీషియా ఊళ్ళో బ్రాడ్‌బరీ అండ్ బ్రాడ్‌బరీ వాళ్ళు ఈ జపాన్ తరహావే స్క్రీన్‌తో ప్రింట్ చేస్తూ వచ్చారు, అచ్చం మీ డిజైన్ కాకపోయినా దానికి చుట్టం లాంటిది దొరకొచ్చు.

దానికన్నా ముందు మీకు దగ్గర్లోనే హిస్టారిక్ న్యూ ఇంగ్లండ్ అనే సంస్థకి వాల్‌పేపర్ సేకరణ ఉంది, న్యూయార్క్‌లో కూపర్ హ్యూవిట్ మ్యూజియంలో ఇంకా పెద్దది. రెండూ ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. మీ కాగితం వాళ్ళ దగ్గర చెదరకుండా ఉంటే సగం పని అయిపోయినట్టే.

పాతిల్లు_లోవెల్:

తలుపు చుట్టూ ఉన్న చెక్కపట్టీని మెల్లగా ఊడదీశాం. అక్కా, మీరు చెప్పింది అక్షరాలా నిజం! వెనక సన్నటి పట్టీలో రంగులు నిన్న వేసినట్టున్నాయి. నేను బురద రంగు అనుకున్నది లేత మీగడ రంగు, ఆకులు ఆలివ్ కాదు, నీలం కలిసిన పచ్చ, విసనకర్ర అంచు మంచి ఇటుక ఎరుపు. ఒకచోట అంచు కూడా దొరికింది. పేరు చిరిగిపోయింది, నంబరులో మూడంకెలు మాత్రం చదవగలిగేలా ఉన్నాయి. ఆకుల అంచుల్లో గట్లు కట్టి ఉన్నాయి, పిన్ను చుక్కలు లేవు, అంటే మెషిన్‌దే. ల్యాబ్ రిపోర్టు ఇంకా రాలేదు.

ఇప్పుడు ఇంట్లో గొడవ. మా ఆవిడ మీగడ రంగు అసలుదే వేద్దాం అంటోంది. నాకేమో మొదట చూసిన ఆ ముదురు రంగే మనసులో ఉండిపోయింది, ఇల్లు పాతదిగా కనిపించాలంటే అదే బాగుంటుందేమో అనిపిస్తోంది.

మాంచెస్టర్_అక్క:

మీ ఆవిడ పక్షమే నేను. ముదురు రంగు ఆ ఇంట్లో మొదట ఉన్నవాళ్ళు ఎన్నడూ చూడలేదు, అది కాలం వేసిన మురికి. రిపోర్టు మంచిగా వస్తే పాత ముక్క ఉన్నచోట ఉన్నట్టే వదిలేసి, ముందు కొంచెం ఎడం వచ్చేలా యాక్రిలిక్ పలక బిగించండి, కొత్త కాగితం దాని పక్కనుంచి మొదలవుతుంది. మీకు ముదురూ ఉంటుంది, ఆవిడకి మీగడా ఉంటుంది. పట్టీ వెనక దొరికిన ముక్కని మాత్రం ఆమ్లం లేని కవర్లో పెట్టి దాచండి, రంగు సరిచూసుకోవడానికి అదే మీ ఆధారం. కొత్తది అంటించేముందు గోడకి లైనింగ్ పేపర్ అడ్డంగా వేయించండి, పాత ప్లాస్టర్ పగుళ్ళు పైకి రావు.

పాతిల్లు_లోవెల్:

సరే, ఆ ఒక్క గోడకే వేస్తాం, స్క్రీన్ ప్రింట్ అనుకుంటున్నాం. గోడ ఎత్తు 9 అడుగులు, వెడల్పు 12 అడుగులు. కాగితం వెడల్పు 18 అంగుళాలు, నిలువు రిపీట్ 19, పక్క పట్టీకి సగం దిగుతోంది. పాత ముక్క పక్కన పలక ఉన్నా మొత్తం గోడ లెక్కే వేసుకుంటాను. ఎంత కాగితం చెప్పాలి?

వెక్టర్_వెంకి:

ఎత్తు 108 అంగుళాలు, దానికి ఆరు రిపీట్లు అంటే 114, పైనా కిందా కత్తిరించుకోవడానికి ఆరంగుళాలు మిగులుతుంది, చాలు. వెడల్పు 144, పట్టీకి 18 చొప్పున ఎనిమిది పట్టీలు. రెండు పట్టీలు అదనంగా పెట్టుకోండి, చెడితే మళ్ళీ స్క్రీన్లు ఎక్కించడం మామూలు ఖర్చు కాదు. పదింటికీ 1140 అంగుళాలు, అంటే 95 అడుగులు. హాఫ్ డ్రాప్ కాబట్టి ఒకే రోల్‌లోంచి వరసగా కోస్తే పట్టీకీ పట్టీకీ మధ్య తొమ్మిదిన్నర అంగుళాలు వేస్టు. రెండు రోల్స్ తెప్పించి బేసి పట్టీలు ఒకదాంట్లో, సరి పట్టీలు ఇంకోదాంట్లో కోస్తే ఆ తొమ్మిదిన్నర అంగుళాలు ఒక్కసారి మాత్రమే వేస్టవుతాయి, అవి ఆ 95 అడుగులకి అదనం. ముందు మీటరు ముక్క శాంపిల్ ప్రింట్ అడిగి, దాన్ని ఆ గదిలోనే, పగలూ రాత్రీ రెండు వెలుతుర్లలో పట్టీ వెనక ముక్క పక్కన పెట్టి చూడండి. నచ్చాక మొత్తం ఒకే బ్యాచ్‌లో కొట్టమని ఆర్డర్‌లో రాయండి, తర్వాత విడిగా తెప్పిస్తే రంగు కలవదు.